అత్తగారి చెంబుతో ఫొటో పాఠం: గుంటూరు స్టీలు షాపు కేస్ స్టడీ

వచ్చిన సమస్య

గుంటూరు బ్రాడీపేటలో స్టీలు సామాన్ల షాపు నడిపే దంపతుల కేసు ఇది. షాపులో అమ్మకం ఆయన చూస్తారు, వాట్సాప్ ఆర్డర్లు ఆవిడ చూస్తారు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు పంచిపెట్టడానికి డబ్బాలు, గిన్నెలు, ప్లేట్లు కావాల్సినవాళ్లు ముందు ఫొటో పంపమంటారు. నచ్చితేనే షాపు మెట్లెక్కుతారు. ఆవిడ పంపే ఫొటోలకు ఎప్పుడూ ఒకటే జవాబు: "వేరే మోడల్స్ ఏమైనా ఉన్నాయా?" అదే డబ్బాను షాపుకొచ్చి చేతిలోకి తీసుకున్నవాళ్లు మాత్రం కొనేస్తున్నారు. కాబట్టి లోపం సరుకులో లేదు.

నేను విజయవాడలో ప్రొడక్ట్ ఫొటోగ్రఫీ చేస్తాను. నగలు, పచ్చళ్ల సీసాలు, స్వీట్ల పెట్టెలు ఎక్కువ. చిన్న వ్యాపారాల వాళ్లకు ఫోనుతో సొంతంగా తీసుకోవడం కూడా నేర్పుతుంటాను. ఆవిడ సరుకు కోసం వన్‌టౌన్ వచ్చినప్పుడు తెలిసినవాళ్లు చెబితే నా దగ్గరికి వచ్చారు. అప్పటికే ఆన్‌లైన్లో రింగ్ లైటు, మడతపెట్టే లైట్ బాక్సు కొన్నారు. వాటితో ఫొటోలు కాస్త తెల్లబడ్డాయి తప్ప మెరుగు పడలేదు. కొత్త ఫోను కొనమంటానేమోనని ఆవిడకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

గ్యాలరీ తెరిచి చూశాను. టిఫిన్ క్యారియర్, పాలగిన్నె, నూనె డబ్బా, పళ్లెం. వస్తువు మారుతోంది, ఫొటో మారడం లేదు. అన్నీ నిలబడి, కొంచెం పైనుంచి, వస్తువును సరిగ్గా నడిమధ్యలో పెట్టి, దాదాపు ఫ్రేము అంచులకు తగిలేంత దగ్గరగా తీసినవి. వెనక క్యాలెండరో, ధరల స్టిక్కర్లో, పక్క గిన్నె సగమో కనిపిస్తోంది. స్టీలు మీద ట్యూబ్‌లైటు తెల్లటి గీతలా, ఫ్యాను రెక్కలు నల్లటి మరకలా పడ్డాయి.

"ఇవన్నీ ఒకేచోట నిలబడి తీసినవేనా అమ్మా?" అని అడిగాను.

"కౌంటరు వెనక ఇంకెక్కడ నిలబడతాం అన్నయ్యా? ఉన్న చోటే అది."

ఆ జవాబులోనే రోగం దొరికింది. కౌంటరు వెనక మనిషికి చోటు ఒకటే, ఎత్తు ఒకటే, దూరం ఒకటే. షాపులో వందల వస్తువులు ఉండటం వల్ల ప్రతిదీ కొత్త ఫొటోలా అనిపిస్తుంది గానీ తీస్తున్నది ఒకే ఫొటో. వస్తువును మార్చడం ఆపితే తప్ప కెమెరా దగ్గర ఏం మార్చొచ్చో ఆవిడకు కనపడదు. అందుకని షాపు సరుకు ముట్టుకోవద్దన్నాను. ఇంట్లోంచి ఒక పాత వస్తువు తీసుకోమన్నాను.

చెంబు ఎందుకు

ఆవిడ ముందు అడిగింది మిర్చి. గుంటూరు కదా, ఎండు మిరపకాయలు అందంగా వస్తాయి కదా అని. నేను ఒప్పుకోలేదు. అంత ఎరుపు ఉన్న వస్తువు ఎక్కడ పెట్టినా చూపు లాగేస్తుంది. ఫ్రేము తప్పుగా ఉన్నా ఫొటో బాగుందనిపిస్తుంది, మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. సాధనకు కావాల్సింది తనంతట తాను ఏ సాయమూ చేయని వస్తువు.

స్టీలు చెంబుకు ఆ గుణం ఉంది. పైగా మూడు పనులు చేస్తుంది. మూతి గుండ్రంగా ఉంటుంది కాబట్టి కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఫొటోలో అదే చెప్పేస్తుంది. మెడ సన్నగా, పొట్ట లావుగా ఉంటుంది కాబట్టి వెనకాల గీత ఏది తగిలినా ఆకారం వెంటనే చెడిపోతుంది. స్టీలు కాబట్టి చుట్టూ ఉన్న గదినంతా తనలో చూపిస్తుంది. ఆవిడ తెచ్చింది వాళ్ల అత్తగారి చెంబు. పొట్ట మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది, ఒకచోట సొట్ట కూడా ఉంది. అంతకంటే మంచిది నేను వెతికినా దొరకదు.

మామూలు వస్తువుతో కుస్తీ పట్టడం కొత్త సంగతేమీ కాదు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో క్యాప్సికాన్ని పదే పదే తీశాడు. వాటిలో బాగా పేరొచ్చిన ఫొటోకి కాయను ఒక రేకు గరాటులో పెట్టాడు. ఆ రేకు వంపు కాయ చుట్టూ వెలుతురును సర్దింది. వంటింట్లో దొరికే రెండు వస్తువులతో అయిపోయిన పని అది.

షరతులు కొద్దిగానే పెట్టాను. ఒక ఫొటోకీ తర్వాత ఫొటోకీ మధ్య ఒక్కటే మార్చాలి: దూరమైతే దూరం, ఎత్తయితే ఎత్తు. ఏదీ డిలీట్ చేయకూడదు. ఫిల్టర్లు వద్దు, పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. ఆ మోడ్ చెంబు మూతి అంచును వెనకాలతో కలిపి మసకచేసేస్తుంది, తప్పు మనదో సాఫ్ట్‌వేర్‌దో తెలియకుండా పోతుంది. ప్రతి రోజూ తీసిన వాటి కింద నోటుబుక్కులో ఒక వాక్యం రాయాలి, "ఏం మార్చాను, ఏం మారింది" అని. "బాగుంది", "బాలేదు" అన్న మాటలు ఆ పుస్తకంలో రాయకూడదు.

ఆవిడకు అన్నిటికంటే కష్టమైంది ఈ చివరి షరతే.

దూరం, ఎత్తు

మొదట దూరం. ఫోను మామూలు కెమెరా చాలా వెడల్పుగా చూస్తుంది, ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సరున్న కెమెరా లెక్కలో సుమారు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. అందుకే చెంబును ఫ్రేము నిండా చూపించాలంటే మనం దాని మీదకు వంగుతాం. వంగితే చెంబు బొద్దుగా, ముందుకు ఉబ్బినట్టు, అడుగు సన్నబడినట్టు వస్తుంది. "ఫోను లెన్సు మంచిది కాదేమో" అనుకుంటారు చాలామంది. లెన్సుకు దీంతో సంబంధం లేదు, ఇది దూరం లెక్క.

పది సెంటీమీటర్ల వెడల్పున్న చెంబును తీసుకోండి. కెమెరా ముందు అంచుకు 20 సెంటీమీటర్లలో ఉంటే వెనక అంచుకు 30లో ఉన్నట్టు. దగ్గరున్నది దూరంగా ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అదే ఒక మీటరు దూరానికి వెళ్తే 100, 110. తేడా పదో వంతు. చెంబు తన అసలు ఆకారంలోకి వస్తుంది. కాబట్టి నిలబడాల్సిన చోటు ముందు నిర్ణయించుకోవాలి, జూమ్ తర్వాత. వెనక్కి జరిగి 2ఎక్స్ నొక్కితే ఇంకో లాభం కూడా ఉంది: వెనకాల కనిపించే గది తగ్గుతుంది. క్యాలెండరు, స్విచ్‌బోర్డు వాటంతటవే ఫ్రేములోంచి వెళ్లిపోతాయి.

మరీ దగ్గరగా పెడితే చాలా ఫోన్లు చెప్పకుండానే ఇంకా వెడల్పుగా చూసే అల్ట్రావైడ్ లెన్సుకు మారిపోతాయని కూడా ఆవిడకు చూపించాను. స్క్రీను మీద బొమ్మ చిన్నగా ఎగిరిపడితే అదే. సెట్టింగుల్లో దాన్ని ఆపేయొచ్చు.

ఎత్తు విషయంలో చెంబు మూతే టీచరు. నిలబడి చూస్తే మూతి పెద్ద కోడిగుడ్డు ఆకారంలో తెరుచుకుంటుంది. ఫోను దించేకొద్దీ అది సన్నబడుతూ, సరిగ్గా మూతి ఎత్తుకు వచ్చేసరికి గీత అయిపోతుంది. ఇంకా దించితే మూతి గీత పైకి వంగుతుంది, చెంబు గోపురంలా పెద్దదైపోతుంది. ఆవిడ వంటగట్టు మీద చెంబు పెట్టి, గట్టు కింద కూర్చుని మొదలుపెట్టి, స్టూలెక్కే వరకు ఒక్కో బెత్తెడు ఎత్తుతో ఫొటోలు తీశారు. నోటుబుక్కులో ఆ రోజు రాసింది నాకు బాగా నచ్చింది: "మూతి గీత అయినప్పుడు ఇది చెంబో కూజానో తెలియడం లేదు. కొంచెం తెరిస్తే లోపల ఖాళీ ఉందని తెలుస్తోంది."

షాపు పనికి ఇది చాలా పెద్ద విషయం. గిన్నె కొనేవాడికి లోతు కనపడాలి, డబ్బా కొనేవాడికి మూత కనపడాలి, పళ్లేనికి పైభాగమే ముఖ్యం. కౌంటరు వెనక నిలబడి అన్నిటినీ ఒకే ఎత్తులో తీస్తే ఏదీ తన పని తాను చెప్పుకోలేదు. అన్నం తినేటప్పుడు గిన్నెను మనం చూసే కోణం కూడా దాదాపు అదే, అందుకే ఆ ఫొటోలు అంత మామూలుగా ఉంటాయి.

అంచులు, వెనకాల

కంపోజిషన్, అంటే ఫ్రేములో దేన్ని ఎక్కడ సర్దాలో నేర్పేవాళ్లు సాధారణంగా ఫ్రేములో వస్తువును ఎక్కడ పెట్టాలన్నదానితో మొదలుపెడతారు. నేను అంచులతో మొదలుపెడతాను. ఫొటోని పాడుచేసేది ఎక్కువసార్లు వస్తువు కాదు, ఫ్రేము మూలల్లో మనం చూసుకోని చెత్త. నొక్కే ముందు చూపును ఫ్రేము నాలుగు వైపులా ఒకసారి తిప్పి రమ్మన్నాను, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు. పైకి నవ్వులాటగా ఉన్నా ఈ ఒక్క అలవాటుతోనే ఆవిడ ఫొటోలు సగం శుభ్రపడ్డాయి.

రెండోది, అంచులు ఒకదానికొకటి ఒరుసుకోవడం. వంటింటి టైల్స్ మధ్య గీత చెంబు మూతికి సరిగ్గా ఆనుకుని వెళ్లింది. చెంబు ఆ గీతకు వేలాడుతున్నట్టు కనిపించింది. గీతను మూతికి బాగా పైనన్నా పెట్టాలి, లేదా పొట్ట వెనక నుంచి తెగించి వెళ్లనన్నా ఇవ్వాలి. ఆనీ ఆనకుండా వదిలేయకూడదు. ఫ్రేము అంచు విషయంలోనూ అంతే. చెంబు ఫ్రేము అంచును తాకీ తాకకుండా ఉంటే ఇరుకు. కోస్తే ధైర్యంగా కోయాలి, లేదా గాలి ఆడేంత చోటు వదలాలి.

వాకిట్లో ముగ్గు మీద చెంబు పెట్టి తీసిన ఫొటో ఒకటి మా ఇద్దరి మధ్యా కాస్త వాదన తెచ్చింది. ముగ్గు గీతలు అన్ని వైపుల నుంచీ చెంబు దగ్గరికి వస్తున్నాయి, దారి చూపే గీతలంటే ఇవే కదా అని ఆవిడ. గీతలు చెంబు దగ్గర ఆగడం లేదు, దాని చుట్టూ తిరిగి బయటికి పోతున్నాయి, ముందు ముగ్గు కనిపించి చెంబు తర్వాత కనిపిస్తోంది అని నేను. ముగ్గు తనంతట తానే ఒక కంపోజిషన్, దాని మీద ఇంకేది పెట్టినా అతిథే. ఆవిడ ఒప్పుకోలేదు. అత్తగారికీ అదే నచ్చింది, ఇప్పటికీ ఆవిడ ఫోను వాల్‌పేపరు అదే. షాపు క్యాటలాగులోకి మాత్రం రాలేదు.

గడప, ద్వారబంధం, కిటికీ చట్రం మధ్య పెట్టి తీయడం లాంటివి ఆవిడకు త్వరగానే పట్టుబడ్డాయి. వాటి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు.

స్టీలు మీద వెలుతురు

ఇక్కడే ఎక్కువ కాలం పట్టింది.

చెంబు పొట్ట కుంభాకార అద్దం. గదిలో ఉన్నదంతా దానిలో ఉంటుంది: కిటికీ, ఫ్రిజ్, ఎర్ర చీర కట్టుకుని ఫోను పట్టుకున్న మనిషి. ఆవిడ చెంబును ఎటు తిప్పినా ఎర్ర మరక పోలేదు. పోదు కూడా. గుండ్రటి పొట్ట మీద కెమెరా వైపు చూసే చోటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, తిప్పితే ఆ చోటు మారదు. వాళ్ల మరిది ఎక్కడో చూసి, ఫోనుకు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ కొంటే ప్రతిబింబాలు పోతాయని చెప్పాడట. గాజు, నీళ్లు, వార్నిష్ చేసిన చెక్క అయితే సరైన కోణంలో పనిచేస్తుంది. పూత లేని లోహం మీద నేరుగా పడే ప్రతిబింబాన్ని అది తీయలేదు. ఆ డబ్బులు మిగిలాయి.

స్టీలుకు వెలుతురు వేయడం అంటే, నిజానికి, స్టీలు దేన్ని చూడాలో మనం నిర్ణయించడం. తెల్లటిది చూపిస్తే తెల్లగా, నల్లటిది చూపిస్తే నల్లగా ఉంటుంది. దానికి సొంత రంగు దాదాపు లేనట్టే. ఇది అర్థమైన రోజు నుంచి ఆవిడ లైట్ బాక్సును అటక మీదకు ఎక్కించారు.

కావాల్సిన సరంజామా స్టేషనరీ షాపులో దొరికింది: తెల్ల డ్రాయింగ్ షీట్లు, ఒక నల్ల చార్టు. కిటికీకి ఎదురుగా, చెంబుకు అవతలి పక్క తెల్ల షీటు నిలబెడితే చీకటి పక్క మెత్తగా వెలిగింది. ముందు వైపు ఇంకో షీటుకు ఫోను కెమెరా పట్టేంత రంధ్రం చేసి, దాని వెనక నుంచి తీస్తే ఎర్ర చీర పోయింది. పొట్ట మీద చిన్న నల్ల చుక్క మిగిలింది. వెనక్కి జరిగేకొద్దీ అదీ కనపడనంత చిన్నదైంది.

అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. చుట్టూ తెలుపే కావడంతో, తెల్ల పంచె పరిచిన వెనకాలలో చెంబు కరిగిపోయింది. అంచు ఎక్కడో తెలియలేదు. నల్ల చార్టును రెండు సన్న పట్టీలుగా కోసి, ఫ్రేములో పడకుండా చెంబుకు చెరో పక్కా నిలబెట్టమన్నాను. పొట్ట రెండు అంచుల్లోనూ సన్నటి నల్ల గీత దిగింది. పెన్సిల్‌తో గీసినట్టు ఆకారం మొత్తం తేలింది. పట్టీని బెత్తెడు జరిపితే గీత లావవుతుంది, ఇంకో బెత్తెడు జరిపితే మాయమవుతుంది. ఆవిడ ఆ పూట వంట కూడా మర్చిపోయి పట్టీలు జరుపుతూ కూర్చున్నారట. అత్తగారు వచ్చి, "నా చెంబుతో ఏం ఆటలమ్మా, నీళ్లు తాగడానికి ఇస్తావా ఇవ్వవా?" అన్నారని చెప్పి ఆవిడే నవ్వారు.

పంచె తెలుపు ఫొటోలో బూడిద రంగులో రావడం ఇంకో ఫిర్యాదు. ఫోనుకు అది పంచె అని తెలియదు. ఫ్రేములో ఎక్కువ భాగం తెలుపు ఉంటే, వెలుతురు మరీ ఎక్కువైందనుకుని మొత్తాన్ని మధ్యస్థ బూడిద వైపు దించుతుంది. చెంబు మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి. నల్ల గుడ్డ మీద పెట్టినప్పుడు దీనికి తిరగేసి, కిందికి. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. కిటికీ వెలుతురూ ట్యూబ్ వెలుతురూ కలిస్తే స్టీలు ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా తేలుతుంది, దాన్ని తర్వాత సరిచేయడం నా వల్ల కూడా కాదు.

పొద్దున, సాయంత్రం కిటికీ వెలుతురు పక్క నుంచి వస్తుంది. మధ్యాహ్నం బాల్కనీలో తీయొద్దన్నాను. మన ప్రాంతంలో మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. చెంబు నీడ చెంబు కిందే దాక్కుంటుంది. నీడ లేని చెంబు నేల మీద కూర్చున్నట్టు ఉండదు, అతికించినట్టు ఉంటుంది. పొద్దున ఏడింటప్పుడు అదే బాల్కనీలో నీడ చెంబుకంటే పొడుగు. అప్పుడు ఫ్రేములో సర్దాల్సింది రెండు వస్తువులను, చెంబునూ దాని నీడనూ.

పేరు కొట్టించిన వైపు సంగతి వేరుగా చెప్పాలి. రింగ్ లైటుతో ఎదురుగా తీసిన ఫొటోలో ఆ అక్షరాలు అసలు కనపడలేదు. ఆ వైపు నల్ల చార్టును చూసేలా తిప్పి, కిటికీ వెలుతురు పొట్టను పక్క నుంచి రాసుకుంటూ వెళ్లేలా పెట్టాం. స్టీలు నల్లబడింది, ఒక్కో చుక్క గుంట అంచూ వెలుతురు పట్టుకుని మెరిసింది. పేరు, దాని కింద తేదీ, సొట్ట పక్కన ఎవరో గీకిన గీత, అన్నీ చదవగలిగేలా వచ్చాయి. గిఫ్టు గిన్నెల మీద పేర్లు కొట్టించుకునే కస్టమర్లకు ఆవిడ ఇప్పుడు పంపేది ఇలాంటి ఫొటోనే.

చివరగా, మూడో వంతు నియమం

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి సమాన భాగాలు చేసే గ్రిడ్ గీతలను ఫోనులో ఇంతవరకూ ఆన్ చేయనివ్వలేదు. ఆవిడ అప్పుడే యూట్యూబులో చూసి అడిగారు, "గీతలు కలిసే చోట పెట్టాలట కదా అన్నయ్యా?"

ఈ నియమానికి పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు, 1797లో, ఊళ్ల దృశ్యాలు గీయడం గురించి రాసిన పుస్తకంలో. ఆయన చెప్పింది చుక్క పెట్టి వస్తువును అక్కడ కూర్చోబెట్టమని కాదు. నేలకూ ఆకాశానికీ, వెలుతురుకూ చీకటికీ చెరి సగం ఇవ్వకండి, ఒకదానికి ఒక వంతు, ఇంకోదానికి రెండు వంతులు ఇవ్వండి అన్నాడు. అంటే అది పాళ్ల సంగతి. చెంబు ఫొటోకు ఇలా చూస్తేనే పనికొస్తుంది. కిటికీ వెలుతురు పడిన గోడ ఎంత, నీడలో ఉన్న గోడ ఎంత? సమానంగా ఉంటే చూపు ఎటూ తేల్చుకోదు.

మరి చెంబును నడిమధ్యలో పెట్టకూడదా? పెట్టొచ్చు. రెండు పక్కలా నల్ల గీతలు దిగి, మూతి ఎత్తులో ఎదురుగా చూస్తున్న చెంబుకు మధ్యే సరైన చోటు. పొడుగు నీడ ఉన్నప్పుడు మధ్యలో పెడితే నీడ తెగిపోతుంది, అప్పుడు పక్కకు జరగాలి. మొదట్లో ఆవిడ మధ్యలో పెట్టింది ఇంకో చోటు తెలియక, ఇప్పుడు పెడుతోంది చూసుకుని. ఫొటోలో తేడా తెలుస్తుంది.

ఫ్రేము ఆకారం కూడా చోటును మారుస్తుంది. వాట్సాప్ క్యాటలాగులో ఫొటో చదరంగా కనిపిస్తుంది, స్టేటస్‌లో నిలువుగా, 9కి 16 పాళ్లలో. ఫోను మామూలుగా తీసేది 4కి 3. ఒకే ఫొటోను రెండు చోట్లా వాడాలంటే తీసేటప్పుడే పైనా కిందా ఖాళీ వదలాలి. స్టేటస్‌కు చెంబును కింది భాగంలో పెట్టి పైన ఖాళీ ఉంచమన్నాను. ధర, షాపు పేరు రాసుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆవిడ ముందు ఆ ధరను చెంబు పొట్ట మీదే ఎర్ర అక్షరాలతో రాసేవారు.

కృష్ణ ఒడ్డున

ఇంట్లో సాధన కుదిరాక ఒకసారి చెంబును విజయవాడ తెమ్మన్నాను. వెలుతురు మన చేతిలో లేనప్పుడు ఏం చేస్తారో చూడాలని. సాయంత్రం ఘాట్ మెట్ల దగ్గరికి వెళ్లాం. ఎదురుగా 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ, 70 గేట్లు వరసగా, నీళ్లు, ఇంద్రకీలాద్రి, ఆకాశం. ఫొటో తీయడానికి వచ్చినవాళ్లంతా అటే చూస్తున్నారు. ఆవిడ కూడా చెంబును మెట్టు మీద పెట్టి, నిలబడే బ్యారేజీతో సహా అంతా పట్టించబోయారు.

బ్యారేజీ గీత సరిగ్గా చెంబు మెడ దగ్గర పడింది, కత్తితో నరికినట్టు. నేనేమీ అనలేదు. ఆవిడ స్క్రీను చూశారు, రెండు మెట్లు దిగారు, వంగారు. చెంబు మూతి బ్యారేజీని దాటి ఆకాశంలోకి వచ్చింది, గేట్ల వరస పొట్ట వెనక్కి వెళ్లింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి పొట్ట మీద పడే ప్రతిబింబం చూశారు. నది మొత్తం, ఎర్రబడిన ఆకాశంతో సహా, చెంబు పొట్టలో వంగి ఉంది. వెనకాల బ్యారేజీ ఇక అక్కర్లేదని తోచింది కాబోలు, ఫోను ఇంకా దించి దాన్ని ఫ్రేములోంచి తీసేశారు. ఘాట్‌కు వచ్చి బ్యారేజీని వదిలేయడానికి ఎవరికైనా మనసొప్పదు. ఎడంపక్క మూలలో ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కవరును ముందుగా వెళ్లి తీసేశారన్నది కూడా నేను గమనించాను.

షాపులో ఏం మారింది

ఫోను అదే. రింగ్ లైటును పక్కింటి అమ్మాయికి ఇచ్చేశారు. షాపు ముందు గ్లాసు తలుపు పక్కన, ఉత్తరం వెలుతురు వచ్చే చోట ఒక స్టూలు వేసుకున్నారు. దాని మీద తెల్ల షీటు, పక్కన నల్ల పట్టీలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నేల మీద టేపుతో ఒక గీత, తను నిలబడాల్సిన దూరం. గిన్నెకొక ఎత్తు, డబ్బాకొక ఎత్తు, పళ్లేనికొక ఎత్తు. ప్రతి వస్తువు పక్కనా ఒక చెంచా పెట్టి ఇంకో ఫొటో తీస్తారు, సైజు తెలియడానికి. సైజు ఎంత అని అడిగే మెసేజులు బాగా తగ్గాయని చెప్పారు. అమ్మకాలు పెరిగాయా అంటే పెళ్లిళ్ల సీజను కూడా కలిసొచ్చింది కాబట్టి ఫొటోల వల్లే అనడం న్యాయం కాదు.

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. పిల్లలను, పెళ్లి మంటపంలో జనాన్ని తీసేవాళ్లకు చెంబు నేర్పేది కొంతవరకే. చెంబు కదలదు, నవ్వదు, పట్టుకోవాల్సిన క్షణం అంటూ దానికి లేదు. అంచులు చూసుకునే అలవాటు, నిలబడే చోటు వెతుక్కునే అలవాటు వస్తాయి, సమయం పట్టుకోవడం రాదు. పెళ్లి స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్లు "అన్నా, ఇది మాకెందుకు?" అంటే నేను పెద్దగా వాదించను. చీరల వాళ్లకు కూడా దీన్నే ఇస్తాను గానీ చెంబు బదులు మడతపెట్టిన తువ్వాలు. గుడ్డకు ప్రతిబింబం లేదు, మడతలున్నాయి, వెలుతురు పాఠం పూర్తిగా వేరు.

ఆవిడ ప్రస్తుతం పడుతున్న తిప్పలు సెట్లతో. ఐదు గిన్నెల సెట్టులో ఒక్కో గిన్నె పక్క గిన్నెను చూస్తోంది, ఆ గిన్నె ఇంకోదాన్ని. నల్ల పట్టీలు రెండు చివరల గిన్నెలకే అందుతున్నాయి, మధ్యవాటికి అంచు దొరకడం లేదు. గిన్నెల మధ్య సందు పెంచితే సెట్టులా ఉండటం లేదు, తగ్గిస్తే అంచులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. కెమెరాను కొంచెం ఎత్తి, చిన్నవి ముందు, పెద్దవి వెనక పెట్టి, మధ్య సందుల్లో నల్ల చార్టు ముక్కలను గిన్నెల చాటున పడుకోబెట్టి చూడమన్నాను. శ్రావణమాసం ఆర్డర్లు మొదలయ్యేలోపు ఇది తేల్చుకోవాలని ఆవిడ పట్టుబట్టి కూర్చున్నారు.